టెర్మినలులో దాగిన కంప్యూటరు

లోకమున వస్తువుల విలువను వాని పేరునుబట్టియు, వెలుపలి రూపునుబట్టియు నిర్ణయించుట సామాన్యముగా జరుగుచుండును. తాతలనాటి రాగిరేకును తూకమునకు అమ్మివేయువాడు దానిపై చెక్కిన అక్షరములను చదువడు. అటుకపైనున్న తాటియాకుల కట్టను పొయ్యిలో పెట్టువాడు అందలి గ్రంథమేదియో విచారింపడు. తెలిసినవాడొకడు వచ్చి చూచినప్పుడుగాని అది తామ్రశాసనమనియు, ఇది ప్రాచీన కావ్యమనియు బయటపడదు. యంత్రములకును ఇదే గతి. పనికిరానిదని మూలబడిన యంత్రమును విప్పి చూచినచో, నేడు లోకమంతట వ్యాపించిన యొక గొప్ప కల్పనకు మూలము అందు కానవచ్చును. డేటాపాయింట్ 2200 అను యంత్రము అట్టి వానిలో నొకటి.

1960 నుండి 1970 వరకు గల కాలమున కంప్యూటరు సామాన్యులకు అందెడి వస్తువు కాదు. అది ఒక పెద్ద గదిని ఆక్రమించుకొని యుండెడిది. దాని వెల మిక్కిలి హెచ్చు. కావున ఒక సంస్థకు ఒక కంప్యూటరుండుటయే ఘనతగా నుండెను. దానితో పని గలవారు మాత్రము అనేకులు. వారందరును ఆ గదిలోనికి పోవుటకు వీలులేదు గనుక, వారి బల్లలపై టెర్మినలు అను చిన్న యంత్రముల నుంచి, తీగల ద్వారా పెద్ద కంప్యూటరుతో కలిపెడివారు. టెర్మినలునందు అక్షరముల మీటలు, వచ్చిన సమాధానమును చూపుటకు కాగితమో తెరయో ఉండును. అంతకు మించి దానికి స్వంత తెలివి లేదు. కచేరీ వాకిట నిలిచిన బంట్రోతు అర్జీని లోనికి గొనిపోయి, అధికారి యిచ్చిన ఉత్తరువును వెలుపలికి తెచ్చును. తీర్పు చెప్పుట అతని పని కాదు. టెర్మినలు చేయు పనియు అట్టిదే.

1968లో అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రమునందలి శాన్ ఆంటోనియో నగరమున ఫిల్ రే, గస్ రోష్ అను ఇరువురు ఇంజనీర్లు ఒక సంస్థను స్థాపించిరి. దానికి కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ అని పేరు. అప్పటికి టెర్మినలుగా విశేషముగా వాడుకలో నున్నది టెలిటైపు యంత్రము. అది సెకనుకు పది అక్షరముల వంతున పెద్ద చప్పుడుతో కాగితముపై ముద్రించుచుండెను. ఆ సంస్థవారు కాగితమునకు బదులు తెరను అమర్చి, 1969లో డేటాపాయింట్ 3300 అను టెర్మినలును వెలువరించిరి. తెరపై 25 పంక్తులు, పంక్తికి 72 అక్షరములు కనబడెడివి. చప్పుడు పోయినది, కాగితపు వ్యయమును తగ్గినది.

అయినను మరియొక చిక్కు మిగిలియుండెను. పెద్ద కంప్యూటర్లను నిర్మించు సంస్థలు పెక్కు గలవు. ఒక్కొక్కరి యంత్రము ఒక్కొక్క విధమైన సంకేతములతో మాటలాడును. ఒకదానికై చేసిన టెర్మినలు మరియొకదానికి పనికిరాదు. ఈ చిక్కును తొలగించు ఉపాయము నాలోచించి వారొక చిత్రమైన నిర్ణయమునకు వచ్చిరి. టెర్మినలు లోపలనే చిన్న కంప్యూటరు నొకదానిని అమర్చినచో, ఏ సంకేతములు కావలెనో వానిని టేపుపై వ్రాసి దానికి బోధింపవచ్చును. టేపు మార్చినచో భాష మారును. పగటివేషగాడు ఒకనాడు భటుడై, మరునాడు శెట్టియై వచ్చునట్లు, ఒకే యంత్రము అనేక టెర్మినళ్ల వేషము ధరింపగలదు. ఈ ఆలోచన ఫలించి 1970లో డేటాపాయింట్ 2200 ప్రకటింపబడెను. 1971 నుండి అది కొనువారికి చేరసాగెను.

పాత కంప్యూటర్లను సేకరించి భద్రపరచువారు నేడు అనేక దేశములలో కలరు. అట్టివారిలో ఒకనికి, ఏదో గిడ్డంగిలో ఈ యంత్రము దొరకినదని భావింపుడు. వెలుపల చూచినచో అది టైపు యంత్రమువలె బల్లపై నిలుచు పెట్టె. ముందు మీటలు, వానికి పైన ఒక తెర. ఆ తెర ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. దానిపై 12 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు మాత్రమే. ఈ సంఖ్యలు ఆ కాలమున కార్యాలయములందు వాడుకలోనున్న రంధ్రపు కార్డును జ్ఞప్తికి తెచ్చును. ఆ కార్డులోను 12 అడ్డువరుసలు, 80 నిలువువరుసలు ఉండెను. పెట్టె పైభాగమున రెండు క్యాసెట్టు టేపుల అరలు కనబడును. చూచినవానికి ఇచ్చటనే సందేహము పుట్టును. బంట్రోతు చేతికి లెక్కల పుస్తకములేల? స్వయముగా ఆలోచింపని టెర్మినలునకు రెండు టేపులతో పనియేమి?

ఆ సందేహముతో అతడు మూత విప్పును. తెరను వెలిగించు పరికరము, విద్యుత్తు నిచ్చు భాగము ఉండవలసినవే, అవి యున్నవి. వానితోపాటు సుమారు నూరు చిన్న చిప్పులు బారులు తీరిన ఒక పలక కూడ నున్నది. ఇది కంప్యూటరే అయినచో, ఆజ్ఞలను చదివి లెక్కలు చేయు ప్రాసెసరు అను ముఖ్యభాగము ఎందో ఉండవలెను. నేటి కంప్యూటరునందు ప్రాసెసరు ఒక్క చిప్పులో ఇమిడియుండును. అతడు పలకనంతయు పరీక్షించును. అట్టి చిప్పు కానరాదు. ఒక్కొక్క చిప్పు చేయునది స్వల్పమైన పని. ఒకటి రెండు సంకేతములను పోల్చును. ఒకటి సంకేతమును తలక్రిందులు చేయును. ఇంకొకటి ఒక అంకెను క్షణకాలము పట్టియుంచును.

చివరకు అతనికి నిజము బోధపడును. ఈ యంత్రమునందు ప్రాసెసరు అను చిప్పు లేదు. ఆ పలకయంతయు కలిసియే ప్రాసెసరు! ఇంటెల్ 4004 అను ఒంటిచిప్పు ప్రాసెసరు విపణిలోనికి వచ్చినది 1971 నవంబరులో. ఈ యంత్రము అంతకు ముందే రూపొందినది. కావున దీనిని నిర్మించినవారు దొరకిన చిన్నచిన్న చిప్పులనే కూర్చి మేధను నిర్మించుకొనవలసి వచ్చెను.

ఆ ప్రాసెసరు పాటింపవలసిన ఆజ్ఞలను విక్టర్ పూర్, హ్యారీ పైల్ అనువారు కల్పించిరి. వారిరువురును అమెచ్యూరు రేడియోపై అభిరుచి గల మిత్రులు. చిప్పులు తక్కువగా వాడవలెననుట వారికి ముఖ్యము. అందుచేత యంత్రము ఒకేసారి అనేకాంకెలను పట్టుకొనక, ఒక్కొక్క అంకెను మాత్రమే తీసికొని పనిచేయునట్లు ఏర్పాటు చేయబడెను. కంప్యూటరునకు తెలిసిన అంకెలు సున్న, ఒకటి అను రెండే. ఇట్టి అంకెకు బిట్టు అని పేరు. ఎనిమిది బిట్లు కలిసి ఒక బైటు. డేటాపాయింట్ 2200 మొదటి రూపమున ఒక బైటును కూడుటకు ఎనిమిది బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా నడిపింపవలసి యుండెను.

దాని జ్ఞాపకశక్తియు అట్లే వింతగా నుండెను. తిరునాళ్లలో రంగులరాట్నము తిరుగునప్పుడు, తన బిడ్డ కూర్చున్న గుఱ్ఱము ఎదుటికి వచ్చువరకు తల్లి వేచియుండవలెను గదా! ఆ యంత్రపు జ్ఞాపకమునందలి బిట్లును అట్లే చక్రాకారముగా తిరుగుచుండును. కావలసిన బైటు ఎదుటికి వచ్చువరకు ప్రాసెసరు వేచియుండును. అందు నిలువచేయదగిన బైట్లు మొదట 2,048, పెంచుకొన్నచో 8,192. ఈ పాఠమును తెలుగు లిపిలో నేటి పద్ధతిని కంప్యూటరులో భద్రపరచినచో, అందు నాలుగవ భాగమైనను ఆ 8,192 బైట్లలో పట్టదు.

ఇంత చిన్న యంత్రమైనను, కొన్నవారు దాని శక్తిని త్వరలోనే గుర్తించిరి. టేపుపై వేరొక ప్రోగ్రాము వ్రాసినచో, పెద్ద కంప్యూటరును అడుగకయే అది స్వయముగా లెక్కలు చేయగలదు; చిట్టాలు వ్రాయగలదు. వ్యాపారపు పనులకై డేటాబస్ అను ప్రోగ్రాము భాష కూడ దానికి ఏర్పడెను. బంట్రోతనుకొన్నవాడు అధికారి పనియు చేయసాగెను. స్థాపకుల మనస్సున మొదటినుండియు నున్నది వ్యక్తిగత కంప్యూటరే యనియు, మదుపరులకు సులభముగా బోధపడుటకై టెర్మినలు అని చెప్పిరనియు ఆ సంస్థ చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు.

ఈ యంత్రపు కథలో ముఖ్యమైన ఘట్టము దీని తరువాతనే కలదు. నూరు చిప్పులు చేయు పనిని ఒక్క చిప్పులో ఇమిడ్చినచో స్థలము కలిసివచ్చును, వేడి తగ్గును, వ్యయమును తగ్గును. 1968లోనే స్థాపింపబడిన ఇంటెల్ సంస్థ అప్పటికి జ్ఞాపకపు చిప్పులను చేయుచుండెను. డేటాపాయింట్ నిర్మాతలు దానితో ఈ విషయమై ఒప్పందము చేసికొనిరి. ప్రాసెసరు నంతయు ఒకే చిప్పులో ఇమిడ్చు ఊహ ముందుగా ఎవరికి తోచెనను విషయమున ఇరుపక్షములవారు చెప్పు కథలు ఏకీభవింపవు. ఆజ్ఞల కూర్పు మాత్రము పూర్, పైల్ అనువారిదనుటలో వివాదము లేదు. ఇంటెల్ పక్షమున టెడ్ హాఫ్, స్టాన్ మేజర్, హాల్ ఫీనీ, ఫెడెరికో ఫాజిన్ అను ఇంజనీర్లు ఈ కార్యమునందు పాల్గొనిరి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను మరియొక సంస్థయు అదే కూర్పుతో 1971లో ఒక చిప్పును చేసెను గాని, అది ఆ యంత్రమున వాడుకకు రాలేదు.

ఇంటెల్ చిప్పు సిద్ధమగుటకు ఆలస్యమయ్యెను. ఈలోపల శాన్ ఆంటోనియోలోని ఇంజనీర్లు ఊరకుండలేదు. ఎనిమిది బిట్లను ఒకేసారి పట్టుకొని పనిచేయు క్రొత్త పలకను వారు నిర్మించిరి. రంగులరాట్నము వంటి జ్ఞాపకమునకు బదులు, కోరిన బైటును వెంటనే అందించు జ్ఞాపకమును అమర్చిరి. ఈ రెండవ రూపము ఇంటెల్ చిప్పుకంటె మిక్కిలి వేగముగా పనిచేసెను. వేగముగల తమ పలక ఉండగా మందగమనముగల చిప్పు తమకేల యని వారు తలచిరి. చిప్పు నిర్మాణమునకై ఇంటెల్‌కు సుమారు 50,000 డాలర్లు చెల్లింపవలసి యుండెననియు, ఆ సొమ్మునకు బదులుగా చిప్పుపై హక్కును ఇంటెల్‌కే విడిచిపెట్టిరనియు చెప్పుదురు. ఇంటెల్ ఆ చిప్పును 8008 అను పేరుతో 1972 ఏప్రిలులో విపణిలోనికి తెచ్చెను. అందు సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు మాత్రమే యుండెను.

ఆ చిన్న చిప్పు సంతతి నానాటికి వృద్ధి పొందెను. 1973లో ఫ్రాన్సు దేశమున మిక్రాల్ అను చిన్న కంప్యూటరు 8008 చిప్పుతోనే నిర్మింపబడెను. 1974లో ఇంటెల్ 8080 అను మేలైన చిప్పును చేసెను. 1975లో వెలువడి వేలకొలది యువకులను కంప్యూటర్ల వైపునకు ఆకర్షించిన ఆల్టేర్ 8800 యందలి ప్రాసెసరు అదియే. 1978లో 8086 వచ్చెను. దాని తోబుట్టువైన 8088తో ఐబీఎం సంస్థ 1981లో తన వ్యక్తిగత కంప్యూటరును వెలువరించెను. ఈ వంశమునకే నేడు ఎక్స్86 అని పేరు. చేతి ఫోనులందు సాధారణముగా నుండు ప్రాసెసర్లు వేరొక వంశమునకు చెందినవి. బల్లలపై నుండు కంప్యూటర్లలోను, ల్యాప్‌టాపులలోను అధికభాగము ఈ వంశమువే. హైదరాబాదు, విశాఖపట్టణముల కార్యాలయములందు నేడు పనిచేయు కంప్యూటర్లలోను ఈ వంశపువి కోకొల్లలు.

పూర్వుని పోలిక మనుమని ముఖమున కానవచ్చునట్లు, డేటాపాయింట్ 2200 పోలికలు నేటి ప్రాసెసర్లలోను నిలిచియున్నవి. వానిలో రెండు గమనింపదగినవి.

మొదటిది అంకెల వరుస. తరగతిలో కూడిక చేయు బాలుడు ముందుగా ఒకట్ల స్థానమును కూడి, చేతిలో మిగిలినదానిని పదుల స్థానమునకు చేర్చును. ఒక్కొక్క బిట్టుతో పనిచేసిన ఆ పాత ప్రాసెసరునకును ఇదే పద్ధతి తప్పనిసరి. తక్కువ స్థానము ముందు రావలెను. అందుచేత ఒక పెద్ద సంఖ్యను రెండు బైట్లుగా నిలుపునప్పుడు, చివరి భాగమును ముందుంచి, మొదటి భాగమును వెనుక నుంచిరి. 4725 అను సంఖ్యను 25, 47 అని వ్రాసినట్లుండును. తెలుగువారి శాసనములను పరిశీలించినవారికి ఇది క్రొత్త కాదు. శకసంవత్సరములను పదములతో చెప్పునప్పుడు పూర్వులు ఒకట్ల స్థానమునుండియే ఆరంభించెడివారు. వేదములు నాలుగు, నేత్రములు రెండు, చంద్రుడొక్కడు; వేద నేత్ర చంద్ర అనినచో 124 అని గ్రహింపవలెను. ఇంటెల్ చిప్పు ఎనిమిది బిట్లను ఒకేసారి పట్టుకొనగలదు గనుక దానికి ఈ వరుసతో అవసరము లేదు. అయినను డేటాపాయింట్ కూర్పుతో సరిపోవుటకై దానిని అట్లే ఉంచిరి. అవసరము తీరినను ఆచారము నిలిచెను. నేటి ఎక్స్86 ప్రాసెసర్లును సంఖ్యలను ఆ వరుసలోనే నిలుపుచున్నవి.

రెండవది పొరపాటును కనిపెట్టు గుర్తు. టెర్మినలు తీగపై అక్షరములను పంపునప్పుడు నడుమ ఒక బిట్టు చెడిపోవచ్చును. విహారయాత్రకు బయలుదేరునప్పుడు ఉపాధ్యాయుడు పిల్లలను లెక్కించి, తిరిగివచ్చునప్పుడు మరల లెక్కించును. అట్లే ఒక్కొక్క అక్షరమునందు ఒకట్లు సరిసంఖ్యలో నున్నవా, బేసిసంఖ్యలో నున్నవా యని చూచినచో తేడా బయటపడును. ఈ పరీక్షకై డేటాపాయింట్ ప్రాసెసరులో ఒక ప్రత్యేకమైన గుర్తు నేర్పరచిరి. అది టెర్మినలునకు కావలసినది. తక్కిన కంప్యూటర్లకు అంతగా అవసరము లేదు. అయినను ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ గుర్తు నేటికిని ఉన్నది. దాని కారణము నెరుగనివాడు ఇది ఇచ్చట ఏల యున్నదని ఆశ్చర్యపడును. మూలబడిన టెర్మినలును విప్పి చూచినవాడు సమాధానము చెప్పగలడు.

ఈ కథను విన్నవారు, అమూల్యమైన హక్కును విడిచిపెట్టినవారు తెలివితక్కువవారని తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆనాడు వారి యెదుటనున్న ప్రమాణములనుబట్టి చూచినచో వారి నిర్ణయము సహేతుకమే. చిప్పు మందముగా నుండెను. వారి పలక వేగముగా నుండెను. తమ యంత్రమును మేలుగా చేయుటయే వారి కర్తవ్యముగా నుండెను. వారు చూడనిది ఒక్కటే. పలక ఒక యంత్రమునకు మాత్రమే పనికివచ్చును. చిప్పు అనేక యంత్రములకు పనికివచ్చును. ఏటేటికి పెరుగగల దానిని, ఆనాటి కొలతతో మాత్రమే కొలిచిరి. చిన్నమొక్కను పెద్దచెట్టుతో పోల్చి తీసివేయువాడు చేయు పొరపాటును ఇట్టిదే.

కీర్తి విషయమునను గ్రహింపవలసినది కలదు. నేడు ఇంటెల్ పేరు బాలురకును తెలియును. పూర్, పైల్, రే, రోష్ అనువారి పేర్లు తెలిసినవారు తక్కువ. ఇంటెల్ ఇంజనీర్ల ప్రజ్ఞను తక్కువ చేయనక్కరలేదు. కూర్పును చిప్పులో ఇమిడ్చుట సామాన్యమైన కార్యము కాదు. దేవాలయమును చూచువారు శిల్పిని మెచ్చుకొందురు. పునాది వేసినవానికిని ఆ మెప్పులో భాగము చెల్లవలెను.

ఆ భాగము చెల్లుటకు పాత వస్తువు నిలిచియుండవలెను. డేటాపాయింట్ 2200 యంత్రములన్నియు తుక్కుగా కరగింపబడియుండినచో, ఆ నూరు చిప్పుల పలకను చూచి విషయమును నిర్ధారించుటకు అవకాశముండెడిది కాదు. కాగితముపై వ్రాసిన చరిత్రను ఒకరు కాదనవచ్చును. ఎదుట నిలిచిన యంత్రమును కాదనుట కష్టము. కావున పాఠశాలయందో, కార్యాలయమునందో, ఇంటి అటుకపైనో పాత పరికరము కానవచ్చినప్పుడు, విద్యార్థులు దానిపైనున్న పేరును మాత్రమే చదివి తృప్తిపడరాదు. పెద్దల అనుమతితో, విద్యుత్తు తొలగింపబడినదని నిశ్చయించుకొని, తెలిసినవారి సాయమున లోపల ఏమున్నదో, ఎందులకున్నదో విచారింపవలెను. ఆ తరువాతనే అది తుక్కుకు పోవలెనో, భద్రముగా నుండవలెనో నిర్ణయించుట యుక్తము.

ప్రశ్నలు

1. టెర్మినలునకును కంప్యూటరునకును గల భేదమేమి? డేటాపాయింట్ 2200 ఈ రెండింటిలో దేనికి చెందును? కారణములతో వ్రాయుము.

2. డేటాపాయింట్ 2200 మూత విప్పినవానికి ప్రాసెసరు చిప్పు కానరాకపోవుటకు కారణమేమి?

3. సంఖ్యలో తక్కువ స్థానమును ముందుంచు ఆచారము ఎట్లు ఏర్పడెను? అవసరము తీరిన తరువాతను అది నిలిచియుండుటకు కారణమేమి?

4. చిప్పుపై హక్కును విడిచిపెట్టిన నిర్ణయము ఆనాటికి సరియైనదే యని నీవు తలంతువా? ఇరుపక్షముల వాదములను వ్రాసి, నీ అభిప్రాయమును తెలుపుము.